వంశవృక్షం, నదీసంగమం: జన్యుక్రమ పద్ధతి – తెలుగు ప్రతుల పరిష్కరణ

వ్యాససంగ్రహం:

జీవజాతుల పరిణామ సంబంధాలను జన్యుక్రమాల సాయంతో నిర్ణయించే పద్ధతి భాషాకుటుంబాల అధ్యయనంలోకీ, ప్రాచీన ప్రతుల పరిష్కరణలోకీ విస్తరించింది. ఈ విస్తరణలో వృక్షచిత్రం తేలికగా చేతులు మారింది. దాని వెనుక ఉన్న సాక్ష్యనియమం అంత తేలికగా చేతులు మారలేదు. అమ్రాబాద్ చెంచులపై వెలువడిన జన్యు అధ్యయనాన్ని, ద్రావిడ భాషల ఉపశాఖా నిర్ణయంలో భద్రిరాజు కృష్ణమూర్తి అనుసరించిన పద్ధతిని, వర్ధమానపురపు గోన వంశంతో ముడిపడిన రంగనాథ రామాయణ ప్రతుల సమస్యను పక్కపక్కన ఉంచి, తెలుగు పరిష్కర్తకు ఈ పద్ధతి ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జన్యుక్రమం, వంశవృక్షం, ఉమ్మడి మార్పు, పాఠాంతరం, ద్విపద, చెంచులు, రంగనాథ రామాయణం.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో ‘వంశం’ అన్న మాట పలు అర్థాలలో వినిపిస్తుంది. సంస్థానాల వంశావళులు ఒక అర్థం. ఘనపురం కోటతో, నాగర్‌కర్నూల్ సమీపంలోని వడ్డెమానుతో పేరు ముడిపడిన గోనవారి వంశం మరొకటి. ఆ వడ్డెమానే శాసనాల వర్ధమానపురం. రంగనాథ రామాయణ కర్తగా చెప్పబడే గోన బుద్ధారెడ్డి దానికి ఏలిక. ఇక అమ్రాబాద్ పీఠభూమి మీద నివసించే చెంచుల వంశం గురించి ఇటీవలి దశాబ్దాలలో మాట్లాడుతున్నది కైఫీయతులు కావు, జన్యుశాస్త్ర పత్రికలు.

ఈ మూడు వంశాలనూ ఒకే బొమ్మతో, అంటే కొమ్మలు చీలే చెట్టుతో, చూపడం నేడు పరిపాటి. ఆ బొమ్మకు చరిత్ర ఉంది. భాషల సంబంధాలను ఆగస్ట్ ష్లైషర్ 1853లోనే చెట్టుగా గీశాడు. డార్విన్ 1859లో ప్రకటించిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథం మొత్తానికి ఉన్న ఒకే ఒక చిత్రం కొమ్మలు చీలే రేఖాచిత్రం. లాటిన్, జర్మన్ ప్రతులను పోల్చే పరిష్కర్తలు ఆ శతాబ్దిలోనే ప్రతుల వంశవృక్షాలు గీస్తున్నారు. అంటే జీవశాస్త్రం నుంచి భాషాసాహిత్యాలు ఈ బొమ్మను అరువు తెచ్చుకున్నాయనడం చారిత్రకంగా సరికాదు. మూడు శాస్త్రాలూ దాదాపు ఒకే కాలంలో ఒకే ఆలోచనకు వచ్చాయి. అయితే ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో జీవశాస్త్రం ఆ బొమ్మను గీయడానికి కఠినమైన నియమాలు ఏర్పరచుకుంది. పోలిక చేయవలసింది ఆ నియమాలతో.

2. పోలిక ఎప్పుడు సాక్ష్యమవుతుంది?

జన్యుక్రమమంటే ఎ, సి, జి, టి అనే నాలుగు సంకేతాక్షరాల వరుస. వేర్వేరు జీవుల నుంచి ఒకే జన్యువును తీసుకొని, ఆ వరుసలను ఒకదాని కింద ఒకటి సరిగా అమర్చడం తొలి పని. ఒక ప్రతిలో పాదం జారిపోతే తరువాతి పాదాలన్నీ తప్పుగా పోల్చబడతాయని పరిష్కర్తకు తెలుసు. జన్యుక్రమంలోనూ అక్షరాల లోపాలు, చేర్పులు ఉంటాయి కనుక అమరిక తప్పితే తరువాతి గణన అంతా వృథా.

అమరిక పూర్తయ్యాక రెండు వరుసల మధ్య ఎన్ని అక్షరాలు కలుస్తున్నాయో లెక్కపెట్టడం సరిపోదు. జర్మన్ కీటకశాస్త్రజ్ఞుడు విల్లీ హెన్నిగ్ 1950లో స్పష్టంచేసిన సూత్రం ఇక్కడ ప్రాణం. పూర్వికుని నుంచి మారకుండా నిలిచిన లక్షణం ఇద్దరిలో ఉన్నంత మాత్రాన వారు దగ్గరివారు కారు. కొత్తగా వచ్చిన మార్పు ఇద్దరిలోనూ ఉంటేనే వారికి ప్రత్యేకమైన ఉమ్మడి పూర్వికుడు ఉన్నట్టు. బల్లికీ కప్పకూ నాలుగు కాళ్లు ఉన్నాయి, పాముకు లేవు. అయినా బల్లికి దగ్గరి చుట్టం పామే. నాలుగు కాళ్లు పాత ఆస్తి. ఏది పాతదో ఏది కొత్తదో తెలియడానికి పోల్చే గుంపుకు వెలుపల ఉన్న మరొక జీవిని సాక్షిగా నిలుపుతారు.

ఈ క్రమసాక్ష్యం ఎంత సూక్ష్మమైనదో చెప్పడానికి దూరం పోనక్కరలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2003లో ప్రకటించిన పద్ధతిలో మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యుఖండం ఒక్కటి చాలు, దొరికిన మాంసం ముక్కో చర్మమో ఏ జంతువుదో చెప్పడానికి. వేటగాళ్ల కేసుల్లో ఈ పద్ధతి సాక్ష్యంగా నిలిచింది. గుర్తింపు వేరు, వంశనిర్ణయం వేరు అన్న విషయం మాత్రం ఇక్కడ మరవరాదు. ఒక ముక్క ఏ జాతిదో చెప్పడానికి దగ్గరి పోలిక చాలు. ఆ జాతి ఏ కొమ్మ నుంచి చీలిందో చెప్పడానికి ఉమ్మడి మార్పు కావాలి. తెలుగు ప్రతులను పోల్చేటప్పుడు ఎన్ని పాఠాలు కలిశాయన్న సంఖ్యతో తృప్తిపడడం మొదటి పనిని చేసి రెండవదాన్ని సాధించామనుకోవడమే. రెండు ప్రతులు మంచి పాఠాలలో ఎంత కలిసినా వాటి బంధుత్వానికి రుజువు లేదు. అవి తప్పుల్లో కలవాలి.

3. ఆరు భాషలు, 945 వృక్షాలు

ఈ సూత్రం తెలుగువారి పరిశోధనకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు భద్రిరాజు కృష్ణమూర్తి, గణాంకవేత్తలు లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫోర్త్‌లతో కలిసి 1983లో ‘లాంగ్వేజ్’ పత్రికలో ప్రకటించిన వ్యాసం దీనికి నిదర్శనం. తెలుగు విభాగాలలో కృష్ణమూర్తి పేరు వినని విద్యార్థి ఉండడు. ఈ వ్యాసాన్ని పాఠ్యాంశంగా చదివిన విద్యార్థులు మాత్రం అరుదనే చెప్పాలి.

తమిళంలోని ‘ఉరల్’ తెలుగులో ‘రోలు’, ‘ఇరండు’ తెలుగులో ‘రెండు’. మొదటి అచ్చు లోపలికి జరిగి, లోపలి హల్లు పదాదికి వచ్చింది. ఈ వర్ణవ్యత్యయం తెలుగుకూ దాని దగ్గరి భాషలకూ ఉమ్మడి లక్షణం. అయితే ఈ మార్పు అన్ని మాటలలో ఒకేసారి రాలేదు. మాట తరువాత మాటగా పాకింది. అందువల్ల ఒక్కో సజాతీయ పదానికి ఒక్కో భాషలో మార్పు వచ్చిందా రాలేదా అని పట్టిక వేయవచ్చు. గోండి, కొండ, కుయి, కువి, పెంగొ, మండ అనే ఆరు భాషలకు అలాంటి పట్టిక వేసి, ఏ వృక్షాన్ని అంగీకరిస్తే మార్పు అతి తక్కువ సార్లు స్వతంత్రంగా జరిగినట్టు భావించవలసి వస్తుందో ఆ వృక్షాన్ని ఎంచుకున్నారు.

ఆరు భాషలను రెండేసి కొమ్మలుగా చీల్చుతూ గీయగల వృక్షాలు 945. పది భాషలైతే ఆ సంఖ్య 3,44,59,425. పండితుడు తన అనుభవంతో గీసిన ఒక్క చెట్టు ఇన్నింటిలో ఒకటి మాత్రమేనన్న ఎరుక ఆ వ్యాసం ఇచ్చిన అసలు పాఠం. ద్రావిడ భాషలపై 2018లో విష్ణుప్రియ కోలిపాకం తదితరులు చేసిన గణాంక అధ్యయనం ఇరవై భాషల పదజాలాన్ని పరిశీలించి, ఆ కుటుంబం వయస్సు సుమారు 4,500 సంవత్సరాలని అంచనా వేసింది. దానిలోనూ ఒకే ఒక చెట్టు లేదు. సంభావ్యత గల అనేక వృక్షాల సమూహం ఉంది. తెలుగులో ఇలాంటి ఫలితాన్ని ఉటంకించేవారు ‘4,500’ను మాత్రం పట్టుకొని, దాని ముందున్న ‘సుమారు’ను వదిలేయడం విచారకరం.

4. చెంచులు ఎవరికి పూర్వికులు?

క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి చేసిన క్షేత్రపరిశోధన 1943లో గ్రంథంగా వచ్చింది. దాని శీర్షికలోనే చెంచులు ‘అడవి జనం’. అరవై ఏళ్ల తరువాత, 2003లో, తూమస్ కివిసిల్డ్ బృందం అమెరికన్ మానవ జన్యుశాస్త్ర పత్రికలో ప్రకటించిన వ్యాసం చెంచుల, కోయల జన్యుక్రమాలను ఇతర భారతీయ సమూహాలతో పోల్చింది. ఆదిమ నివాసుల జన్యువారసత్వం భారతదేశపు గిరిజన, కుల సమూహాలు రెండింటిలోనూ నిలిచి ఉందని ఆ శీర్షిక తాత్పర్యం.

ఆ శీర్షికలో అతి ముఖ్యమైన మాట ‘రెండింటిలోనూ’ అన్నది. ఆ వ్యాసం చెంచులను ప్రత్యేకంగా ప్రాచీనులుగా నిలపలేదు. మాతృవంశ రేఖలలో గిరిజనులకూ కులాలకూ పునాది ఒకటేనంది. దీని ఆధారంగా ‘చెంచులే మన పూర్వికులు’ అని రాసే వ్యాఖ్యాత, ఎంత సదుద్దేశంతో రాసినా, వృక్షాన్ని తప్పుగా చదువుతున్నాడు. వృక్షంలో జీవించి ఉన్నవారందరూ కొమ్మల చివరలలోనే ఉంటారు. ఉమ్మడి పూర్వికుని నుంచి నేటి చెంచుకు ఎంత కాలం గడిచిందో వనపర్తి పట్టణవాసికీ అంతే కాలం గడిచింది. ఇద్దరూ దాయాదులు; ఒకరికొకరు తాతలు కారు. మనిషికి కోతి తాత అనడంలో ఉన్న పొరపాటే ఇక్కడ గౌరవవాచకం తొడుక్కొని వస్తోంది. ఆ గౌరవం వెనుక చెంచులు మారలేదన్న భావం ఉంది. మారని జనానికి చరిత్ర ఉండదు. చరిత్ర లేని జనాన్ని అడవి నుంచి కదిలించాలన్నా, అడవిలోనే ఉంచాలన్నా వారిని అడిగే పని ఉండదు.

అదే వ్యాసంలో మరొక ఫలితముంది. ఆర్యుల రాకతో ముడిపెడుతూ వచ్చిన ఆర్1ఎ అనే పితృవంశ రేఖ చెంచులలో 26 శాతం మేర కనిపించింది. దాని ఆధారంగా ఆ రేఖకు వలసతో సంబంధం లేదని కొందరు వాదించారు. ఆ రేఖలోని ఉపశాఖలు విడివిడిగా స్పష్టం కాని రోజులవి. ఉపశాఖలు తేటపడి, ప్రాచీన అస్థికల జన్యుక్రమాలు 2019లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన తరువాత, పశ్చిమోత్తరపు గడ్డిమైదానాల నుంచి క్రీస్తుపూర్వం రెండవ సహస్రాబ్దిలో జనప్రవాహం వచ్చిందన్న నిర్ణయం బలపడింది. ఒకే గుర్తును ఆధారం చేసుకొన్న వాదానికి ఆయుష్షు ఎంతో ఈ ఉదంతం చెబుతుంది.

మాతృరేఖ, పితృరేఖ అనేవి వంశంలో రెండు దారులు మాత్రమే. పది తరాల వెనుక ఒక మనిషికి 1,024 పూర్వికస్థానాలు ఉంటాయి. మైటోకాండ్రియా వాటిలో ఒకదాని గురించీ, పితృరేఖ మరొకదాని గురించీ చెబుతాయి. మిగిలిన 1,022 గురించి అవి మౌనం. పైగా జాతుల మధ్య సంబంధాలకు వాడే వృక్షాన్ని ఒకే జాతిలోని సమూహాలకు వాడడమే చిక్కు. కులాలూ తెగలూ వేర్వేరు జీవజాతులు కావు. వాటి కొమ్మలు చీలి మళ్లీ కలుస్తాయి. చెంచులు మాట్లాడేది తెలుగే. జన్యువృక్షం ఏమి చెప్పినా భాషావృక్షంలో వారి స్థానం గద్వాల రైతు పక్కనే.

5. ద్విపదలో ఏ అక్షరం నిలుస్తుంది?

ప్రతుల విషయానికి వస్తే, ఈ పద్ధతిని సాహిత్యానికి వర్తింపజేసిన ప్రసిద్ధ ప్రయోగం ఆంగ్లానిది. చాసర్ ‘కాంటర్బరీ కథల’లోని ఒక భాగానికి మిగిలిన 58 ప్రతులను జీవశాస్త్రపు గణకపద్ధతితో విశ్లేషించిన ఫలితాలను బార్‌బ్రూక్ తదితరులు 1998లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. తెలుగులో ప్రతులను సేకరించి పోల్చే పని సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి చేయించిన నాటినుంచీ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆంధ్రమహాభారతానికి సంశోధిత ముద్రణనే తెచ్చింది. పాఠాంతరాలను అట్టడుగున చూపడం అలవాటయింది. ఆ పాఠాంతరాలను తూచే పనికి మాత్రం ఎక్కువగా ‘ఔచిత్యం’ ప్రమాణమైంది. అందమైన పాఠం కవిదనీ, అందవికారమైనది లేఖకునిదనీ తీర్మానించడం పరిష్కర్తను రెండవ కవిని చేస్తుంది.

జన్యుశాస్త్రం ఇక్కడ ఇవ్వగలిగిన సహాయం స్థానాలను బట్టి తూకం వేయడం. ప్రోటీన్‌ను నిర్దేశించే జన్యువులో మూడేసి అక్షరాలు ఒక సంకేతం. మూడవ అక్షరం మారినా చాలాసార్లు అర్థం మారదు. కనుక ఆ స్థానంలో మార్పులు త్వరగా పోగవుతాయి. మొదటి రెండు స్థానాలు బిగువుగా ఉంటాయి. త్వరగా మారే స్థానాలు దగ్గరి చుట్టాలను వేరుచేయడానికీ, నెమ్మదిగా మారేవి దూరపు చీలికలను తెలుసుకోవడానికీ ఉపకరిస్తాయి. కార్ల్ వూజ్, జార్జ్ ఫాక్స్ 1977లో సూక్ష్మజీవులలో ఆర్కియా అనే కొత్త మహాశాఖను గుర్తించగలిగింది అతి నెమ్మదిగా మారే రైబోజోమ్ ఆర్.ఎన్.ఎ. వల్లనే.

ద్విపదలో ఇటువంటి బిగువైన స్థానాలు ఛందస్సే ఏర్పరచింది. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడవ గణం మొదటి అక్షరానికి యతి. రెండు పాదాలకూ ప్రాస. ప్రాసాక్షరాన్ని లేఖకుడు ఒక పాదంలో మార్చితే రెండవ పాదం వెంటనే తప్పును చూపుతుంది. రెంటినీ మార్చాలంటే అతడు కవి కావాలి. కనుక ప్రాసపదాలు రెండూ మారిన ద్విపద రెండు ప్రతులలో కనబడితే, ఆ మార్పు విడివిడిగా రెండుసార్లు జరిగిందనడం కష్టం. అది పెద్ద కొమ్మ చీలికకు గుర్తు కాగలదు. యతిప్రాసలు తాకని పాదమధ్యంలో ఒక క్రియకు బదులు సమానార్థకం పడడం మూడవ అక్షరపు మార్పు వంటిది. దానితో ఒకే ఊరిలో రాసిన రెండు ప్రతుల దగ్గరితనాన్ని చెప్పవచ్చు. శతాబ్దాల వెనుకటి చీలికను చెప్పరాదు.

కొన్ని మార్పులకు అసలు తూకమే ఉండరాదు. జన్యుక్రమంలో ఎ, జి ల మధ్య, సి, టి ల మధ్య మార్పిడులు మిగతావాటికంటే తరచుగా, స్వతంత్రంగా జరుగుతాయి. తెలుగు ప్రతులలో శకటరేఫ సాధురేఫగా మారడం, అరసున్న జారడం, ‘ప’ ‘వ’లు తారుమారు కావడం అటువంటివే. ఉచ్చారణలో భేదం పోయాక ఏ లేఖకుడైనా ‘ఱ’కు ‘ర’ రాస్తాడు. నూరు చోట్ల ఇలా కలిసినా రెండు ప్రతులు చుట్టాలని రుజువు కాదు. మరోవైపు, ఛందస్సు తెలిసిన లేఖకుడు చెడిన గణాన్ని తానే సరిదిద్దుతాడు. తప్పు మాయమవుతుంది, దానితోపాటు సాక్ష్యమూ మాయమవుతుంది. చదువుకున్న లేఖకుడి ప్రతి పాఠకునికి వరం, వంశవృక్షం గీసేవాడికి శాపం.

రంగనాథ రామాయణం ఈ పరీక్షకు తగిన గ్రంథం. కర్తృత్వంపై వివాదం ఉంది. ‘రంగనాథ’ నామానికి సర్వామోదమైన వివరణ లేదు. గ్రంథం తాటాకుల మీదనే కాక తోలుబొమ్మలాటల నోటా బతికింది. వాల్మీకంలో లేని ఉడుత కథ, సులోచన కథ ఇందులో ఉన్నాయి. ఉడుత కథను ఉమ్మడి మార్పుగా తీసుకొని వంశసంబంధం కట్టగలమా? ఉడుతల ప్రస్తావన తమిళంలో తొండరడిప్పొడి ఆళ్వార్ ‘తిరుమాలై’లో ఎంతో ముందే ఉంది. అంతమాత్రాన ద్విపదకర్తకు ఆ పాశురం మూలమని తేలదు. కథ నోటినుంచి నోటికి, భాషనుంచి భాషకు అడ్డంగా ప్రయాణిస్తుంది. సూక్ష్మజీవులు ఒకదానికొకటి జన్యువులను అడ్డంగా ఇచ్చుకున్నట్టే ఇది. మనసుకు నచ్చే ఘట్టం ఎక్కడినుంచైనా వచ్చి చేరుతుంది. ఎవరికీ నచ్చనిది, అర్థం లేనిది, అంటే జారిన అక్షరమో, రెండుసార్లు రాసిన పాదమో, మాతృకను చూసి రాసినవాడికి తప్ప సంక్రమించదు. ప్రక్షిప్త చర్చలు ఇంతకాలం ఘట్టాల చుట్టూ తిరిగాయి. వాటికంటే వ్రాయసకాని పరాకులు నమ్మదగిన సాక్షులు.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. నేటి గద్వాల జిల్లా ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రధానంగా కావ్యాల నుంచి నిర్మించాడు. అన్నపానాలు, ఆటలు, ఆభరణాలు, పన్నులు ఆ గ్రంథంలో పద్యాల సాక్ష్యంతో కాలనిర్ణయం పొందాయి. ఆ దారిలో నడిచే నేటి పరిశోధకుడు ద్విపదలోని ఒక వస్తువాచకాన్ని కాకతీయయుగపు సాక్ష్యంగా చూపేటప్పుడు, ఆ మాట ఏ కొమ్మ ప్రతులలో ఉందో చెప్పలేకపోతే, పదిహేడవ శతాబ్ది వ్రాయసకాని వంటింటిని పదమూడవ శతాబ్ది వర్ధమానపురానికి అంటగట్టే ప్రమాదముంది.

6. నడిగడ్డ

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఆ రెండు నదులూ చివరకు కలుస్తాయి. చెట్టు కొమ్మలు అలా కలవవు. ప్రతులలో సాంకర్యం, అంటే ఒకే లేఖకుడు రెండు మాతృకలను ముందు పెట్టుకొని రాయడం, నదుల లక్షణం. మహాభారత ఆదిపర్వాన్ని పరిష్కరించి 1933లో పీఠిక రాసిన వి.ఎస్. సుక్తంకర్ ఈ సాంకర్యం కారణంగానే స్వచ్ఛమైన వంశవృక్షం సాధ్యం కాదని అంగీకరించాడు. అయినా ఆయన వృక్షాన్ని విడిచిపెట్టలేదు. సాంకర్యం ఉన్నచోట ఉందని చెప్పి ముందుకు సాగాడు. నేటి జన్యుశాస్త్రం కలిసే కొమ్మలను వలలుగా గీస్తుంది. ఒక గ్రంథపు మొదటి భాగం ఒక కొమ్మకూ, చివరి భాగం వేరొక కొమ్మకూ చెందితే లేఖకుడు నడుమ మాతృకను మార్చాడని ఆ వల చూపగలదు. రంగనాథ రామాయణంలో పూర్వకాండలు తండ్రివి, ఉత్తరకాండ కాచవిభుడు, విఠలరాజు అనే కుమారులది అన్న సంప్రదాయం ఉంది. కాబట్టి కాండకొక వృక్షాన్ని విడిగా గీయాలి. రెండూ ఒకటిగా వస్తాయని ముందే అనుకోరాదు.

ఆ పని ఆరంభం కావాలంటే ప్రతులను ఎత్తి రాసే పద్ధతి మారాలి. ఇప్పటి అలవాటు ప్రకారం ఎత్తిరాసేవారు స్పష్టమైన లేఖనదోషాలను సవరించి, మంచి పాఠాన్నే గ్రహిస్తారు. యుద్ధకాండలో ఒక ఘట్టానికైనా, దొరికిన ప్రతులన్నింటినీ దోషాలతో సహా, రేఫ, అరసున్న, జారిన పాదం ఉన్నవి ఉన్నట్టుగా, ద్విపదకొక సంఖ్యతో, యతిప్రాస స్థానాలను గుర్తిస్తూ గణకయంత్రంలో ఎక్కించాలి. మంజరీద్విపదలు తగిలితే వాటిని వేరుచేయాలి. వాటికి ప్రాస బిగువు లేదు. ఒక పరిశోధక విద్యార్థికి ఇది రెండేళ్ల పని.